లాంకాస్టర్ గ్యారేజీలో తుపాకి కర్ర

అమెరికా వెళ్ళొచ్చిన మా వయసువాళ్ళని "ఏం చూశారు?" అని అడిగితే నయాగరా అంటారు, న్యూజెర్సీ గుడి అంటారు. ఆ రెండూ నేనూ చూశాను. కానీ ఆరు నెలల్లో ఎక్కువసేపు గడిపింది మాత్రం మా అమ్మాయి ఇంటికి రెండిళ్ళ అవతల ఉన్న ఒక గ్యారేజీలో. డెబ్బై దాటిన ఒక పెద్దాయన అక్కడ తుపాకి తయారుచేస్తున్నాడు. పన్నెండేళ్ళ మనవరాలి కోసం.

ఈ మాట మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మీకూ అలాగే అనిపిస్తే తప్పులేదు. మొదట్నించీ చెబుతాను.

మా అమ్మాయి వాళ్ళుండేది పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంకాస్టర్ పక్కన. స్థానికులు 'లాంకిస్టర్' అని పలుకుతారు, మనం 'లాంకాస్టర్' అంటే నవ్వి సరిదిద్దుతారు. పాత ఊరు. 1777 సెప్టెంబరు 27న ఒకే ఒక్క రోజు అమెరికాకు రాజధానిగా ఉందట. బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియాను పట్టుకుంటే నాయకులంతా ఇటు పరిగెత్తుకొచ్చి, ఒక రోజు సభ జరిపి, మర్నాడు నది దాటి యార్క్ ఊరికి వెళ్ళిపోయారు. ఆ ఒక్క రోజు గురించి ఇక్కడివాళ్ళు ఎంత గొప్పగా చెబుతారో వినాలి! ఊరు దాటితే చాలు, మొక్కజొన్న చేలు, గడ్డివాములు, ఆమిష్ వాళ్ళ గుర్రపు బగ్గీలు. మా కాలనీ నుంచి పెద్ద రోడ్డు ఎక్కేలోపే రెండు మూడు బగ్గీలు ఎదురవుతాయి. కారు వాళ్ళు ఓపిగ్గా వాటి వెనకే వెళతారు, హారన్ కొట్టరు. హైదరాబాదు నుంచి వెళ్ళిన వాడికి అసలు వింత అదే.

జూన్ చివర్లో ఒక పొద్దున వాకింగ్‌కి వెళుతుంటే ఒక చప్పుడు వినపడింది. సర్ర్... సర్ర్... సర్ర్. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. అది రందా చప్పుడు. కర్ర మీద రందా సరిగ్గా నడుస్తుంటే ఒకలా, మొద్దుబారితే ఇంకోలా పలుకుతుంది. నాకు నడక రాకముందు నుంచీ తెలిసిన చప్పుడు అది.

మా బాపు వడ్ల పని చేసేవాడు. నల్లగొండ వైపు పల్లెటూరు మాది. నాగళ్ళు, గుంటుకలు, బండి చక్రాలు, దర్వాజలు. నేను చదువుకుని బ్యాంకు ఉద్యోగంలో పడ్డాను. సర్వీసు చాలావరకు హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోనే గడిచింది. ఇన్నేళ్ళు రోజూ ఆ పేరున్న స్టాప్‌లో బస్సు దిగినా, అందులో 'గన్' ఉందన్న ధ్యాసే రాలేదు నాకు. నిజాం దగ్గర పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. 'తోప్ కా సాంచా' అన్నది పాత పేరు. మన ముసారాంబాగ్‌కి పేరు ఇచ్చిన ముసారాం కూడా ఆ రేమండే. అమెరికాలో తుపాకి చూసి ఆశ్చర్యపోతున్నానని అన్నప్పుడు మా అల్లుడు ఇదంతా గుర్తుచేసి నవ్వాడు.

గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి ఉంది. లోపల పొడవాటి బల్ల, బల్ల మీద శిగరెట్టి బిగించిన పొడుగాటి కర్ర. ముందు వీణ దండి అనుకున్నాను. దాని పక్కనే ఎనిమిది పలకల ఇనుప గొట్టం కనిపించేసరికి వెనక్కి తగ్గాను. పెద్దాయన తల ఎత్తి, "ఏం, రందా పట్టడం వచ్చా?" అన్నాడు. నేను నిలబడిన తీరు చూసి ఏదో గ్రహించినట్టున్నాడు. "మా నాన్నకు వచ్చు" అన్నాను. "అయితే లోపలికి రా" అన్నాడు. అంతే పరిచయం.

ఆ తుపాకి కథ ఇదీ. 1976లో అమెరికా రెండు వందల ఏళ్ళ పండగ చేసుకున్నప్పుడు పాత కాలపు పెన్సిల్వేనియా రైఫిళ్ళను ఇంట్లో స్వయంగా చేసుకోవడం ఇక్కడ ఒక పెద్ద మోజు అయిందట. అప్పుడు కుర్రవాడైన ఈయన కూడా విడిభాగాలు తెప్పించుకుని ఒకటి చేశాడు. తర్వాత కొడుకు పన్నెండేళ్ళ వయసులో దాన్ని రాళ్ళ మీద పడేశాడు. కర్ర సరిగ్గా సన్నగా ఉండే చోట, అంటే పట్టుకునే మణికట్టు దగ్గర, విరిగింది. ముప్ఫై ఏళ్ళుగా అటక మీదే ఉంది. ఇప్పుడు ఆ కొడుకు కూతురికి పన్నెండు. ఈ రాష్ట్రంలో ఆ వయసుకు పిల్లలకి జూనియర్ వేట లైసెన్సు ఇస్తారు. తాళం పాతదే, గొట్టం పాతదే, కర్ర మాత్రం కొత్తది. గొట్టాన్ని ఆరంగుళాలు తగ్గించాడు, పిల్ల మోయాలి కదా అని.

'తాళం' అంటే మీరు తలుపు తాళం అనుకుంటారు. తుపాకిలో నిప్పు రాజేసే యంత్రాన్ని వాళ్ళు 'లాక్' అంటారు. కర్ర 'స్టాక్'. గొట్టం 'బ్యారెల్'. బ్యాంకు ఉత్తరాల్లో 'లాక్, స్టాక్ అండ్ బ్యారెల్' అని ఎన్నిసార్లు రాశానో! మన తట్టాబుట్టా లాంటి మాట అనుకున్నానే గానీ, మూడూ కలిపితే తుపాకి అవుతుందని ఆ బల్ల ముందు నిలబడే దాకా తెలియదు. ఈయన లాక్‌లో ఉండేది చెకుముకి రాయి. నిజంగా చెకుముకి రాయే. గుర్రం లాంటి కొక్కెం బిగించిన రాయి ఉక్కు రేకును గీకితే రవ్వలు రాలి, పక్కన చిన్న పళ్ళెంలోని మందు అంటుకుని, సన్నని బెజ్జం గుండా నిప్పు లోపలికి వెళ్ళి, అప్పుడు పేలుతుంది. మూడు వందల ఏళ్ళ నాటి పద్ధతి. క్రిస్మస్ మర్నాటి నుంచి ఈ చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా జింకల వేట కాలం ఉంటుంది పెన్సిల్వేనియాలో. 1974లో మొదలైందది.

చప్పుడు విని వెళ్ళిన నన్ను అక్కడే కట్టేసింది మాత్రం ఆ కర్ర. మేపుల్ చెట్టుది. కొన్ని మేపుల్ చెట్లలో పోగులు నిటారుగా కాకుండా అలలు అలలుగా పెరుగుతాయి. కోసి నునుపు చేస్తే పులి చారల్లా అడ్డంగా మెరుస్తాయి. వెలుగు ఇటు నుంచి పడితే నల్లగా ఉన్న చార, అటు నుంచి పడితే బంగారంలా ఉంటుంది. చెయ్యి పెడితే నున్నగా ఉంటుంది, కంటికి మాత్రం అలలే. బాపు చూసి ఉంటే ఒక రోజంతా పని మానుకుని తిప్పి తిప్పి చూసేవాడు.

ఆ కర్రలో గొట్టాన్ని కూర్చోబెట్టడం అన్నిటికన్నా కష్టమైన పని. మధ్యలో వెంట్రుక సందు ఉండకూడదు. దానికి ఆయన చేసేది చూసి నాకు నవ్వొచ్చింది. దీపం పొగ పట్టిన మసిలో చుక్క నూనె కలిపి గొట్టానికి పూస్తాడు. కాటుకే! గొట్టాన్ని గాడిలో పెట్టి నొక్కి మళ్ళీ తీస్తే, ఎక్కడ తగులుతోందో అక్కడ కర్రకు నల్లగా అంటుకుంటుంది. ఆ నల్లటి చోటు మాత్రమే ఉలితో గీరాలి. మళ్ళీ కాటుక, మళ్ళీ నొక్కడం, మళ్ళీ గీరడం. ఒక్కో పొద్దున ఇరవై ముప్ఫై సార్లు. కొత్త తరం వాళ్ళు కంప్యూటర్ మిషను మీద ముందే చెక్కి వచ్చిన కర్రలు కొని వారంలో బిగించుకుంటున్నారట. ఈయన నాకు చెప్పిన మాట, "వారంలో అయిపోతే మిగతా వారాలు నేనేం చెయ్యను? భార్య పోయి నాలుగేళ్ళయింది."

రెండో రోజు మా ఊరి భర్మార్ సంగతి చెప్పాను ఆయనకు. తెలంగాణ సాయుధ పోరాటం కథలు విన్నవాళ్ళకు భర్మార్ పేరు కొత్త కాదు. మూతిలోంచి మందు కూరి కాల్చే తుపాకి. మా ఊళ్ళో ఒక పటేలు ఇంట్లో లైసెన్సున్నది ఉండేది, చేల మీద పడే అడవి పందుల కోసం. ఎన్నికలొచ్చాయంటే దాన్ని ఠాణాలో అప్పజెప్పి రావాలి. ఒకసారి దాని మడమ విరిగితే బాపు దగ్గరికి తెచ్చారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. "ఖాళీదేనా పటేలా?" అని అడిగాడు బాపు. ఖాళీదే అన్నాడాయన. కాసేపాగి మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగితే పటేలుకు కోపం వచ్చింది. బాపు ఏమీ అనకుండా గొట్టంలో సన్నటి పుల్ల దోపి, బయట గొట్టం పక్కన అదే పుల్ల పెట్టి కొలిచి చూసుకున్నాకే పని మొదలుపెట్టాడు. జిట్రేగి కర్రతో చేసిన మడమ అది, నల్లగా నిగనిగలాడేది. అయిపోయాక "భుజానికి ఆనించి చూడు" అని పటేలు ఇస్తే బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి తయారుచేయడానికే కాదు, బాగుచేయడానికీ లైసెన్సు ఉండాలి. ఆ సంగతి బాపుకి తెలియదు. పటేలుకి తెలిసినా చెప్పి ఉండడు.

పెద్దాయన అంతా విని, తన దగ్గరున్న సన్నటి కడ్డీ తీసి గొట్టంలో దోపి, బయట పెట్టి చూపించాడు. అదే కొలత, అదే పద్ధతి. "మీ నాన్న పనిముట్లు నీ దగ్గరున్నాయా?" అని అడిగాడు. గోడకు ఆయన తాత ఉలులు వరసగా వేలాడుతున్నాయి, పిడులు చెమటకు నల్లబడి. నేను జవాబు చెప్పలేకపోయాను. బాపు పోయిన ఏడాది ఇల్లు ఖాళీ చేస్తూ బాడిశలు, ఉలులు, బర్మాలు అన్నీ పాత ఇనుప సామాను వాడికి తూకానికి వేశాను. ఎంతొచ్చిందో కూడా గుర్తులేదు.

ఇంట్లో మాత్రం తుఫాను మొదలైంది. మా మనవడికి తొమ్మిదేళ్ళు. తాత రోజూ ఎక్కడికి వెళ్తున్నాడో వాడికి తెలియాలి, వెంట రావాలి. మా అమ్మాయి ససేమిరా అంది. "నాన్నా, నువ్వు వెళ్ళడమే నాకిష్టం లేదు. వాణ్ణి మాత్రం ఆ గడప తొక్కనివ్వను."

"అది కర్ర పనమ్మా. అందులో మందు లేదు, గుండు లేదు."

"నీకు కర్ర కనపడుతుంది. నాకు అది కనపడదు."

తర్వాత తనే కూర్చోబెట్టి చెప్పింది. ఇక్కడ పిల్లల్ని ఎవరింటికైనా ఆడుకోవడానికి పంపేముందు తల్లులు ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మనమైతే 'వెజ్జా, నాన్‌వెజ్జా' అని అడుగుతాం. ఇక్కడ పిల్లల డాక్టర్లే అడగమని చెప్పే ప్రశ్న, "మీ ఇంట్లో తుపాకి ఉందా? ఉంటే తాళం వేసి ఉంటుందా?" మొదట్లో సిగ్గుపడేదట, మర్యాద కాదేమో అని. ఇప్పుడు చిరునామా అడిగినంత మామూలుగా అడుగుతుందట.

ఆ రాత్రి మా మనవడు నాకు బడిలో 'లాక్‌డౌన్ డ్రిల్' ఎలా చేస్తారో ఆడి చూపించాడు. దీపం ఆర్పేశాడు. తలుపు కనపడని గోడకు చేరగిలబడి మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. "తాతా, మాట్లాడొద్దు. తలుపు కొట్టినా తియ్యొద్దు. టీచర్ గొంతు వినపడినా తియ్యొద్దు." ఒక్క నిమిషం అలా కూర్చున్నాం. నేను చిన్నప్పుడు ఆడిన దొంగా పోలీసు ఆట లాగే ఉంది, వాడి ముఖంలో నవ్వు లేకపోవడం తప్ప.

మర్నాడు గ్యారేజీకి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. మూడో రోజు ఆయనే పికప్ ట్రక్కు మా వాకిట్లో ఆపి, "మ్యూజియం చూపిస్తాను రా" అన్నాడు.

ఊరికి ఉత్తరాన లాండిస్ వ్యాలీ అని ఒక పల్లెటూరి మ్యూజియం ఉంది. జర్మనీ నుంచి వచ్చిన రైతుల ఇళ్ళు, కొలిమి, బండ్లు, చెక్కపని. ఇద్దరు అన్నదమ్ములు 1925లో మొదలుపెట్టారు. లాంకాస్టర్ రైఫిళ్ళు ఉన్నది కూడా అక్కడే. అద్దాల వెనక వాటిని చూస్తూ ఆయన చెప్పిన చరిత్ర క్లుప్తంగా ఇదీ. జర్మన్, స్విస్ కమ్మరులు తమతో పాటు పొట్టి, లావు వేట తుపాకుల విద్య తెచ్చుకున్నారు. అక్కడ 30 అంగుళాల దగ్గర ఉండే గొట్టం ఇక్కడి అడవుల్లోకి వచ్చాక 42, 44 అంగుళాలకు సాగింది, గుండు చిన్నదైంది. సీసం, మందు రెండూ ఖరీదు. నెలల తరబడి అడవిలో తిరిగేవాడు మోయగలగాలి కదా. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు కోస్తారు, వాటికే 'రైఫ్లింగ్' అని పేరు, 'రైఫిల్' అన్న మాట దాన్నుంచే వచ్చింది. గాడుల వెంట గుండు తిరుగుతూ బయటికి వస్తుంది. బొంగరం తిరుగుతున్నంతసేపు పడిపోదు చూడండి, అలాగే గుండు కూడా గురి తప్పదు. లోకమంతా దీన్ని 'కెంటకీ రైఫిల్' అంటుంది, అక్కడివాళ్ళు వాడారని. చేసింది మేము, పేరు వాళ్ళకి అని పెద్దాయనకు ఇప్పటికీ మంట. కొండపల్లి బొమ్మను ఎవరైనా వేరే ఊరి పేరుతో అమ్మితే మనకూ మండదా?

జేకబ్ డికర్ట్ అన్న ఆయన చేసిన రైఫిళ్ళు బాగా పేరు మోసినవట. జర్మనీలో పుట్టి, లాంకాస్టర్‌లో స్థిరపడి, 1822లో చనిపోయాడు. ఈ ఊరి పనితనంలో ఒక గుర్తుంది. మడమకు పక్కన నూనె గుడ్డ ముక్కలు దాచుకోవడానికి ఇత్తడి మూత పెట్టిన చిన్న అర ఉంటుంది, ఆ మూత పైన డైసీ పువ్వు. ఇత్తడిని కోసి చేసిన ఆ పువ్వు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు ఇంటికి కాకుండా దక్షిణానికి తిప్పాడు ట్రక్కు. విల్లో స్ట్రీట్ దగ్గర మార్టిన్ మైలిన్ అనే ఆయన పనిచేశాడని చెప్పే చిన్న రాతి కట్టడం ఉంది. 1719లోనే అక్కడ రైఫిళ్ళు చేశాడని వాడుక. అక్కడ తవ్వి చూసిన పరిశోధకులకు కమ్మరి కొలిమి ఆనవాళ్ళు దొరికాయి గానీ తుపాకి పని ఆనవాళ్ళు దొరకలేదు. అయినా ఆ పేరు నిలిచింది. దగ్గర్లోని ఒక మిడిల్ స్కూలుకు ఆయన పేరే పెట్టారు. తుపాకులు చేసినవాడని పేరుబడ్డ మనిషి పేరు, పిల్లల బడికి. మొన్నటి రాత్రి మా మనవడు గోడకు చేరగిలబడి కూర్చున్న తీరు గుర్తొచ్చింది. ఆయనకు చెప్పాను.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తూర్పుగా ఇంకో పావుగంట నడిపి, పొలాల మధ్య రోడ్డు పక్కన ఆపాడు. పచ్చిక బయలు. కంచె. అంతే. "నికెల్ మైన్స్" అన్నాడు.

ఆ పేరు నాకు తెలియదు. 2006 అక్టోబరు 2న అక్కడున్న ఒంటి గది ఆమిష్ బడిలోకి పాల ట్యాంకరు నడిపే ఒక స్థానికుడు తుపాకులతో వెళ్ళాడు. మగపిల్లల్ని బయటికి పంపేసి ఆడపిల్లల్ని కాల్చాడు. ఐదుగురు పోయారు, ఐదుగురు గాయపడ్డారు. తననూ కాల్చుకున్నాడు. అదే రోజు ఆమిష్ వాళ్ళు అతని భార్యాపిల్లల్ని ఓదార్చడానికి వెళ్ళారు. అతని అంత్యక్రియలకూ వెళ్ళారు. కొద్దిరోజులకే బడి కూల్చేసి ఆ చోటును పచ్చికకు వదిలేశారు. కొత్త బడి ఇంకోచోట కట్టుకున్నారు.

పెద్దాయన ఇంజను ఆపలేదు. "నేను రైఫిళ్ళు చేస్తాను. మా పిల్లలకి నేర్పుతాను. ఈ రోడ్డు కూడా నాదే" అన్నాడు. దానికి నేనేం అనగలను? తిరుగు ప్రయాణమంతా మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నాను.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ గ్యారేజీల అభిరుచిలో మేపుల్ కర్ర, ఇత్తడి పువ్వు ఒక పక్క మాత్రమే. ఒక శనివారం ఆయన స్నేహితుడొకరు నల్లటి రైఫిల్ తెచ్చి అదే బల్ల మీద పెట్టాడు. పిడి ఒకచోట కొన్నాడు, దుర్బిణీ ఒకచోట, ముందు పట్టు ఇంకోచోట. అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించి బిగించుకోవడమే, మనవడి లెగో బొమ్మల్లా. మా పెద్దాయన చెకుముకి తుపాకినైతే అమెరికా కేంద్ర చట్టం మామూలు తుపాకుల లెక్కలోకే తీసుకోదు, పురాతన వస్తువు కింద చూస్తుంది. ఈ నల్లది అలా కాదు. ఆయన దాన్ని ఎంత మురిపెంగా తుడుస్తున్నాడో చూస్తే, అదీ చేతిపని మీద ప్రేమే అని ఒప్పుకోవాలి. కానీ నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. మంచినీళ్ళ వంకతో లేచి వచ్చేశాను. మూడు గుళ్ళకు మూడు నిమిషాలు పట్టే యంత్రానికీ, దీనికీ మధ్య ఉన్న దూరం ఆ బల్ల మీద ఒక జానెడే.

ఆగస్టులో మనవరాలు కొలతకు వచ్చింది. పళ్ళకు క్లిప్పులు, చెవుల్లో వైర్లు. మోచెయ్యి మడవమని, మోచేతి మడత నుంచి చూపుడువేలు దాకా టేపు పెట్టాడు తాత. పెద్దవాళ్ళకు పదమూడున్నర, పద్నాలుగు అంగుళాలు ఉండేది ఈ పిల్లకు పన్నెండు వచ్చింది. కర్ర మీద పెన్సిలు గీత పన్నెండున్నర దగ్గర గీశాడు. "పెరిగే పిల్ల" అన్నాడు. మా ఊరి దర్జీ నోటివెంట వచ్చే మాటే. బడి తెరిచేముందు లాగులు కుట్టేటప్పుడు అంచు లోపలికి మడిచి వదిలేవాడు, పెరిగే పిల్లలు కదా అని. తర్వాత చెంప ఆనే చోటు చూశాడు. పిల్లను కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తమన్నాడు, తెరవమన్నాడు. తెరిచినప్పుడు చూపు సూటిగా గొట్టం మీదుగా వెళితే కర్ర సరిపోయినట్టు. కొంచెం ఎత్తుగా ఉంది. రెండు రోజులు ఆకురాయితో దాన్నే తగ్గించాడు.

అప్పుడే నా చేతికి ఉలి ఇచ్చాడు. చెంప దగ్గర చిన్న ఆకుల తీగ చెక్కుతున్నాడు, ఒక ఆకు నన్ను చెక్కమన్నాడు. వడ్లాయన కొడుకుని కదా! రెండు పోట్లు బాగా పడ్డాయి. మూడోది జారింది. ఆ పులి చారల కర్ర మీద తెల్లగా గాటు. నా చెవులు వేడెక్కాయి. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, ఏమీ అనకుండా ఆ గాటు చివరిదాకా ఆకును పొడుగు చేసేశాడు. ఆ తీగలో ఒక ఆకు మిగతావాటికన్నా పొడుగ్గా ఉంటుంది. అది నాది.

మా అమ్మాయి సెప్టెంబరులో ఒక ఆదివారం తనంతట తానే వెళ్ళింది. నేను వెనకాల వెళ్ళాను, గొడవ అవుతుందేమో అని. తను గ్యారేజీ గడప మీదే నిలబడి ఆ ప్రశ్న అడిగింది. ఉన్నాయా, తాళం వేసి ఉంటాయా. నాకు తల కొట్టేసినట్టయింది, మూడు నెలలుగా వాళ్ళింట కాఫీ తాగుతున్నవాణ్ణి కదా. పెద్దాయన మాత్రం ఉలి కింద పెట్టి చేతులు తుడుచుకుని, తనను లోపలికి తీసుకెళ్ళి నిలువెత్తు ఇనుప బీరువా చూపించాడు. మందు ఎక్కడుంటుందో, తూటాలు వేరే ఎక్కడుంటాయో, తాళం ఎవరి దగ్గరుంటుందో చెప్పాడు. తను ఇంకా రెండు ప్రశ్నలు అడిగింది. వాటికీ చెప్పాడు. పటేలుకు వచ్చిన కోపం ఆయనకు రాలేదు. "ఈ వీధిలో నన్ను ఇది అడిగిన మొదటి మనిషి నీ కూతురే" అన్నాడు నాతో తర్వాత.

అలా మా మనవడికి అనుమతి దొరికింది, షరతులతో. కర్ర ముట్టుకోవచ్చు, ఇనుము ముట్టుకోకూడదు. గొట్టం బిగించి ఉన్న రోజున వెళ్ళకూడదు. వాడు సరిగ్గా మంచి రోజుకే వచ్చాడు, రంగు వేసే రోజు. ఇనుము కరిగించిన ఆమ్లం ద్రావణాన్ని చేతి తొడుగులు వేసుకుని కర్రకు పూశాడు పెద్దాయన. ముందు వికారంగా పచ్చటి రంగు తేలింది, పాడైపోయిందనుకున్నాను. వేడిగాలి మిషను పెట్టి నెమ్మదిగా కాస్తుంటే ఆ పచ్చదనం కళ్ళ ముందే ఎర్రటి గోధుమ రంగులోకి మారింది, చారలన్నీ ఒక్కొక్కటే లేచాయి. మనవడు నోరు తెరుచుకుని చూశాడు. "మ్యాజిక్కా?" అంటే, "కెమిస్ట్రీ" అన్నాడాయన. గొట్టానికి మాత్రం ఉల్టా వ్యవహారం. మనం తుప్పు పట్టకుండా చూసుకుంటాం, ఆయన కావాలని తుప్పు పట్టించి, గీకేసి, మళ్ళీ పట్టించి, చింతపండు రంగు తెప్పించాడు.

చివరిది నూనె. అవిసె నూనె. అరచేత్తో, వేడి పుట్టేదాకా రుద్దాలి. పాతవాళ్ళ లెక్క ఒకటుందట దానికి. రోజుకోసారి వారం, వారానికోసారి నెల, నెలకోసారి ఏడాది, ఆపైన ఏడాదికోసారి బతికినంతకాలం. ఆ వారం రోజులూ బడి వదలగానే మా మనవడే రుద్దాడు. ఇంటికొచ్చాక చేతులు ఎంత కడిగినా వాసన పోయేది కాదు. కొత్త దర్వాజకు నూనె పట్టించినప్పటి వాసన. మా అమ్మాయి ముక్కు చిట్లించేది గానీ ఏమీ అనేది కాదు.

నవంబరు చివర్లో థాంక్స్ గివింగ్ వెళ్ళాక జింకల వేట మొదలైంది. ఇదివరకు ఆ సోమవారం మొదలయ్యేదట, చాలా బళ్ళకు సెలవు, మనకు సంక్రాంతిలా. 2019 నుంచి శనివారానికి జరిపారు. కాలనీలో తెల్లారకముందే ట్రక్కులు కదిలాయి, నారింజ రంగు కోట్లు వేసుకుని అన్ని వయసులవాళ్ళూ. మా పెద్దాయన వెళ్ళలేదు. ఆయన ఎదురుచూస్తున్నది క్రిస్మస్ మర్నాటి కోసం.

మాకు డిసెంబరు మొదటి వారంలో తిరుగు టికెట్టు. వచ్చేముందు రోజు ఆ కర్ర కోసేటప్పుడు మిగిలిన ముక్క, జానెడుంటుంది, చారలు బాగా పడ్డది, చేతిలో పెట్టాడు. పెట్టెలో చీరల మధ్య పెట్టి తెచ్చాను. హైదరాబాదులో దాన్ని ఏం చేయాలో తెలియక టీవీ పక్కన ఉంచాను. ఒక ఉలి కొనుక్కున్నాను ఈమధ్య. ఇంకా ముట్టుకోలేదు.

డిసెంబరు 26 రాత్రి, మనకు 27 పొద్దున, అమ్మాయి వీడియో కాల్ చేసింది. వెనకాల కిటికీలో మంచు. మనవడు ఫోను లాక్కున్నాడు. "తాతా, డీర్ బతికిపోయింది! పళ్ళెంలో మెరిసిందంట, లోపల అంటుకోలేదంట. పౌడర్ తడిసిపోయింది!" వాడి ముఖం వెలిగిపోతోంది, ఎవరి వైపు సంతోషమో నాకర్థం కాలేదు.

"నీకెలా తెలుసురా?"

"వాళ్ళొచ్చారుగా. ఆ అక్క చేతులు గడ్డ కట్టుకుపోయాయి. అమ్మ ఉప్మా పెట్టింది."

ఫోను మళ్ళీ అమ్మాయి చేతికొచ్చింది. "మరి తుపాకి?" అన్నాను.

"ట్రక్కులోనే పెట్టి తాళం వేసొచ్చాడు నాన్నా. గడప దగ్గరే తాళంచెవి తీసి నాకు చూపించాడు. నేను అడగలేదు."